ఎలాగూ మార్చాల్సిన టైర్లే కదా!

మొదటిసారి ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజుకి, పేరిచ్చినవాళ్లలో చాలామంది అనే మాట ఇది. టైర్లు పాతబడ్డాయి, వచ్చే నెలో ఆ పై నెలో ఎలాగూ మార్చాలి. కొత్తవి వేయించి వాటిని ట్రాక్ మీద పాడుచేసుకునే బదులు, ఉన్నవాటినే అక్కడ అరగదీసి వస్తే ఒక పనైపోతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. డబ్బు వృథా కానివ్వకూడదన్న బుద్ధి మంచిదే. కానీ ఈ ఒక్కచోట ఆ లెక్క మనల్ని ముంచుతుంది. డబ్బు సంగతి తర్వాత, ముందు మన నేర్చుకోవడాన్నే పాడుచేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదకే తెస్తుంది. అందుకే ఈ పుస్తకంలో బ్రేకింగ్ కంటే, రేసింగ్ లైన్ కంటే ముందు టైరు వయసు గురించి రాస్తున్నాను.

అరిగిన టైరు వేరు, గట్టిపడ్డ టైరు వేరు. అరుగుదల కంటికి కనిపిస్తుంది. గాట్ల అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి, కారు టైరులో గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ దిమ్మెలు పైభాగంతో సమానమైపోతాయి. అప్పుడిక టైరు మార్చాల్సిందేనని పంక్చర్ షాపు కుర్రాడు కూడా చెప్పేస్తాడు. గట్టిపడటం అలా కాదు. గాట్లు నిండుగా ఉంటాయి, టైరు నల్లగా నిగనిగలాడుతుంది, కానీ లోపలి రబ్బరు మాత్రం మారిపోయి ఉంటుంది.

ఏళ్ల తరబడి అరలో పడి ఉన్న రబ్బరు బ్యాండును లాగి చూడండి. సాగదు, ఫట్మని తెగుతుంది. దాన్నెవరూ వాడలేదు, అరగదీయలేదు, అయినా అది చచ్చిపోయింది. టైరులోనూ అదే జరుగుతుంది. తయారీలో రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తారు. దాంతో రబ్బరు గొలుసుల మధ్య ముడులు పడి దానికి బలం వస్తుంది. మెత్తదనం కోసం నూనెలు కలుపుతారు. కాలం గడిచేకొద్దీ ఎండకూ వేడికీ ఆ నూనెలు తగ్గిపోతాయి, గాలిలోని ఆక్సిజన్ వల్ల కొత్త ముడులు పడుతూనే ఉంటాయి. గాలిలోని ఓజోన్ పైపొరను కొరికి సన్నని పగుళ్లు తెస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి కంపెనీలు రబ్బరులో మైనంలాంటి పదార్థాలు కలుపుతాయి. టైరు తిరుగుతూ, వంగుతూ ఉంటేనే అవి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. షెడ్డులో నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన కారు టైర్లు రోజూ తిరిగే కారు టైర్ల కంటే ముందే పగలడానికి ఇదొక కారణం. "నా కారు పదివేల కిలోమీటర్లే తిరిగింది, టైర్లు కొత్తగా ఉన్నాయి" అనే మాటకు ట్రాక్ మీద విలువ లేకపోవడం అందుకే.

వేడి ఎక్కువున్న చోట ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది. టైర్లు ఎలా ముసలివవుతాయో తెలుసుకోవడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, రోడ్డు మీద తిరిగిన టైర్లను ఎడారి నగరం ఫీనిక్స్ నుంచి సేకరించి పరీక్షించింది. ఎండ మండిపోయే ఊరు కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. మన రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో ఆరుబయట నిలిపిన కారు టైరు ఏ స్థితిలో ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

టైరు ఎప్పుడు పుట్టిందో తెలుసుకోవడం చాలా తేలిక. పక్కభాగం మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ నెలలో తయారైందని అర్థం. ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కే ఉంటాయి, అది కారు లోపలి వైపుకు తిరిగి ఉండొచ్చు. అప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చిలైటు పట్టుకుని వంగి చూడాలి. వెనక చక్రాలకైతే నేల మీద పడుకోవాల్సి రావచ్చు. బట్టలు మాసినా ఫరవాలేదు, చూడండి. కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా బిల్లు మీది తేదీ కాదు, టైరు మీది తేదీ చూడండి. కొన్న రోజు కొత్తదే అయినా, గోడౌనులో రెండేళ్లు పడి ఉన్న సరుకు కావచ్చు.

ఇక స్టెప్నీ. కారు కొన్నప్పటి నుంచీ డిక్కీలోనే ఉంటుంది, ఒక్క గాటూ అరగదు. ట్రాక్‌కి వెళ్లేముందు ఒక టైరు పాడైందని దాన్ని దింపి బిగించేవాళ్లను చూస్తుంటాం. కారులోని రబ్బరులోకెల్లా ముసలిది అదే కావచ్చు. దాని అంకెలు కూడా చదవండి.

టైరు ఎన్నేళ్లు వాడొచ్చు? మిషెలిన్ చెప్పేది అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించమనీ, తయారైన పదేళ్లకు ఎంత బాగున్నా మార్చేయమనీ. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. ఇవన్నీ మామూలు రోడ్డు కోసం చెప్పిన హద్దులు. ట్రాక్ మీద టైరు పడే బాధ వేరు కాబట్టి నా హద్దు ఇంకా దగ్గర. మూడేళ్లు దాటితే అనుమానంగా చూస్తాను, అయిదేళ్లు దాటితే ట్రాక్ మీదకు తీసుకెళ్లను. రబ్బరు పైకి ఎంత బాగా కనిపించినా సరే.

వయసు తెలిశాక చేత్తో చూడాలి. నీడలో, చల్లగా ఉన్నప్పుడు గాటు పక్కన ఉన్న రబ్బరులో బొటనవేలి గోరు గుచ్చండి. మంచి టైరులో గోరు కొద్దిగా దిగుతుంది, తీశాక ఆ గుర్తు మెల్లగా పోతుంది. గట్టిపడ్డ టైరులో గోరు జారిపోతుంది, ప్లాస్టిక్ బకెట్టును గీరినట్టే ఉంటుంది. పైభాగం నల్లగా కాక నీలం ఛాయతో మెరుస్తుంటే, వేడెక్కి చల్లారి వేడెక్కి చల్లారి రబ్బరు కాలిందని అనుమానించాలి. గాటు అడుగున చూపుడువేలితో తడమండి. సన్నని పగుళ్లు పైన కంటే అక్కడే ముందు మొదలవుతాయి. కారు వాషింగులో వేసే మెరుపు పాలిష్ ఆ పగుళ్లను కప్పేస్తుంది కాబట్టి, చూసేముందు సబ్బునీళ్లతో కడగాలి. ఇంకా కచ్చితంగా కావాలంటే రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్-ఎ మీటరు దొరుకుతుంది, ఖరీదైన పరికరమేమీ కాదు. దాని అంకెను విడిగా నమ్మకండి. అదే కంపెనీ, అదే మోడల్ కొత్త టైరును షాపులో కొలిచి, మీ టైరుతో పోల్చండి. రోడ్డు కారు టైరు కొత్తప్పుడు సుమారు 60 నుంచి 70 మధ్య చూపిస్తుంది. మీది 80కి చేరితే దాని పని అయిపోయినట్టే.

సరే, టైరు గట్టిపడిందనుకుందాం. ఏమవుతుంది, కొంచెం జారుతుంది, అంతేగా? ఆ "కొంచెం" ఎంతో లెక్కవేద్దాం. తిన్నని దారి చివర మీ కారు 150 కిలోమీటర్ల వేగంతో ఉంది. మంచి టైరుకు గ్రిప్పు (ఘర్షణ గుణకం) ఒకటి అనుకుంటే, బ్రేకు గట్టిగా తొక్కిన చోటు నుంచి సుమారు 89 మీటర్లలో కారు ఆగుతుంది. గట్టిపడ్డ టైరుకు అందులో అయిదో వంతు తగ్గిందనుకోండి. ఆగడానికి 111 మీటర్లు కావాలి. తేడా 22 మీటర్లు. ఇదే మాటను ఇంకోలా చెబితేనే వెన్ను జలదరిస్తుంది. మంచి టైర్ల కారు పూర్తిగా నిలబడిపోయిన చోట, పాత టైర్ల కారు ఇంకా గంటకు 67 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఉంటుంది. 67తో గోడకు కొట్టుకుంటే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మలుపులో లెక్క మోసపూరితంగా ఉంటుంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును మంచి టైర్లతో దాదాపు 80లో తిరగగలిగితే, అయిదో వంతు గ్రిప్పు తగ్గిన టైర్లతో 71లో తిరగొచ్చు. తేడా తొమ్మిది కిలోమీటర్లలోపే. "ఓస్, అంతేనా" అనిపిస్తుంది. కానీ మీరు ముందున్న కారును చూసి 78లో మలుపులోకి దూరితే, మధ్యలో ఆ ఏడు కిలోమీటర్లు తగ్గించుకునే దారి మీకు ఉండదు. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తన దారిన తాను బయటికి పోతుంది.

ఇంజను ముందు చక్రాలనే తిప్పే కార్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ట్రాక్ డేల్లో ఎక్కువ కనిపించేవి స్విఫ్టులూ పోలోలూ. ఈ కార్లలో ఇంజను శక్తి, స్టీరింగ్, బ్రేకుల భారంలో పెద్ద వాటా అంతా ముందు టైర్ల మీదే పడుతుంది. అవి త్వరగా అరుగుతాయి, మార్చేస్తాం. వెనక టైర్లు మాత్రం గాట్లు నిండుగా అలాగే ఉండిపోతాయి. నాలుగేళ్లయినా, అయిదేళ్లయినా "వెనకవి బాగానే ఉన్నాయి" అని వదిలేస్తాం. ముందు కొత్త మెత్తటి రబ్బరు, వెనక పాత గట్టి రబ్బరు. ఇది ట్రాక్ మీద ప్రమాదకరమైన జత.

ఎలాగో చూడండి. వేగంగా కుడి మలుపు తిరుగుతున్నారు. ముందు కొత్త టైర్లు బాగా పట్టాయి కాబట్టి కారు చెప్పినట్టు వింటోంది, మీకు ధైర్యం వచ్చింది. మలుపు అనుకున్నదానికంటే బిగుసుకుంటోందని భయమేసి యాక్సిలరేటరు మీద కాలు చటుక్కున తీశారు. ఆ క్షణంలో బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాల మీద భారం తగ్గుతుంది. అసలే గట్టిపడ్డ వెనక టైర్లు అక్కడ వదిలేస్తాయి. వెనకభాగం బయటికి ఊగుతుంది, కారు చుట్టూ తిరిగిపోతుంది. వెనక్కి సరిచేసేంత అనుభవం మొదటి ట్రాక్ డేలో ఎవరికీ ఉండదు. రెండు టైర్లే కొనే స్తోమత ఉంటే కొత్తవాటిని వెనక వేయించమని టైర్ల కంపెనీలు చెప్పేది దీనికే. ట్రాక్ కోసమైతే నాలుగూ ఒకే వయసువి, ఒకే మోడల్‌వి ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

జారడం ఒక ఎత్తు, టైరు విడిపోవడం ఇంకో ఎత్తు. 150 వేగంలో కారు చక్రం సెకనుకు సుమారు 22 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ టైరు పక్కభాగం ఒకసారి నొక్కుకుని విచ్చుకుంటుంది. లోపల ఉక్కు తీగల పొరలు, వాటి మీద రోడ్డును తాకే ట్రెడ్డు, మధ్యలో వాటిని పట్టి ఉంచే పల్చటి రబ్బరు. టైరులో నింపిన గాలి లోపలి నుంచి మెల్లగా ఊరుతూ ఆ పల్చటి రబ్బరును కూడా గట్టిపరుస్తుంది. బయట ఎంత పాలిష్ చేసినా ఆ చోటు కంటికి కనిపించదు. ట్రాక్ వేడిలో అక్కడే పొరలు విడిపోవడం మొదలవుతుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది, ట్రెడ్డు ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తా కొట్టినందుకు. అక్కడ రూపకల్పన, తయారీ, గాలి తక్కువగా ఉంచడం లాంటి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ వేడి దక్షిణ రాష్ట్రాల్లోనే ఆ ప్రమాదాలు ఎక్కువగా జరిగాయన్నది మనం మరువకూడదు.

నటుడు పాల్ వాకర్ మరణం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో స్నేహితుడు నడుపుతున్న పోర్షె కరేరా జీటీలో వెళుతూ ఆయన చనిపోయారు, ఆ స్నేహితుడూ దక్కలేదు. కారులో యాంత్రిక లోపమేదీ కనబడలేదని దర్యాప్తు అధికారులు చెప్పారు. 72 కిలోమీటర్ల హద్దు ఉన్న రోడ్డు మీద కారు 130 నుంచి 150 మధ్య వేగంతో పోయింది. అతివేగమే ప్రధాన కారణమని తేల్చారు. దానితోపాటు వాళ్లు ఎత్తిచూపిన ఇంకో సంగతి, ఆ టైర్ల వయసు తొమ్మిదేళ్లు. ప్రపంచంలోనే గొప్ప కార్లలో ఒకటి. నడిపినవాడికి రేసింగ్ అనుభవం ఉంది. అయినా రోడ్డును తాకి ఉన్నది తొమ్మిదేళ్ల రబ్బరు.

ఇప్పుడు అవతలి వాదన కూడా న్యాయంగా వినాలి, ఎందుకంటే అందులో నిజముంది. "గ్రిప్పు తక్కువున్న టైర్లతోనే డ్రైవింగ్ బాగా వస్తుంది. గాట్లు తక్కువుండే మెత్తటి ట్రాక్ టైర్లు, అంటే సెమీ స్లిక్‌లు వేసుకుంటే తప్పులన్నీ టైరే కప్పేస్తుంది. గట్టి టైరు మీద చేయి మెల్లగా తిప్పడం, కాలు మెల్లగా తీయడం అలవాటవుతుంది" అంటారు అనుభవమున్నవాళ్లు. ఒప్పుకుంటాను. టయోటా 2012లో తెచ్చిన జీటీ86 అనే చిన్న స్పోర్ట్స్ కారుకు కావాలనే ఖరీదైన రేసింగ్ టైర్లు వేయలేదు. ప్రియస్ అనే పొదుపు కారుకు వాడిన మిషెలిన్ ప్రైమసీ టైర్లనే వేసింది. తక్కువ వేగంలోనే కారు జారాలి, నడిపేవాడికి ఆ జారుడు అర్థమవ్వాలి, సంతోషం కలగాలి అన్నది వాళ్ల ఉద్దేశం. డబ్బులిచ్చి నడిపే కార్టింగ్ ట్రాక్‌ల్లోనూ గట్టి టైర్లే వేస్తారు. అవి ఎక్కువ కాలం మన్నుతాయి, పిల్లలు జారుడు కూడా నేర్చుకుంటారు.

కానీ చూడండి, ఆ టైర్లు తయారైనప్పుడే అంత గ్రిప్పుతో తయారయ్యాయి. వాటి రబ్బరు తాజాది, పొరలు బలంగా ఉన్నాయి, నాలుగూ ఒకేలా ప్రవర్తిస్తాయి. ఈ రోజు జారినట్టే రేపూ జారతాయి. వయసు వల్ల గట్టిపడ్డ టైరుకు ఆ నిలకడ లేదు. మొదటి ల్యాపులో రాయిలా జారుతుంది, వేడెక్కాక కాస్త పడుతుంది, ఇంకాస్త వేడెక్కగానే జిడ్డుగా జారుతుంది. ముందు ఎడమ టైరు ఒకలా, వెనక కుడి టైరు ఇంకోలా. అలాంటి టైరు మీద బ్రేకు ఎక్కడ తొక్కాలో నేర్చుకుంటే, మంచి టైర్ల మీదకు వచ్చాక అదంతా మరిచిపోవాల్సిందే. ఇక్కడే నా అసలు మాట. ట్రాక్‌కి మనం వెళ్లేది నేర్చుకోవడానికి. నేర్చుకోవాలంటే మనం చేసిన ప్రతి పనికీ నిజమైన సమాధానం రావాలి. తక్కువ గ్రిప్పు మంచి గురువే, నిలకడ లేని గ్రిప్పు గురువు కాదు.

కాబట్టి జారుడు నేర్చుకోవాలనుకుంటే మీ కారు మామూలుగా వచ్చే సైజులో, మంచి కంపెనీ టూరింగ్ టైర్లు కొత్తవి వేయించండి. వాటి గ్రిప్పు కొత్తవాడికి సరిపడా ఉంటుంది, చాలు. సెమీ స్లిక్‌లు ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు. పాత గట్టి టైర్లకు తగిన చోటంటూ ఉంటే అది జారుడు సాధన కోసం తడిపిన విశాలమైన మైదానం, అంటే స్కిడ్ ప్యాడ్ ఒక్కటే. చుట్టూ ఏ గోడా లేకుండా, 40 వేగం దాటకుండా. అక్కడికీ పగుళ్లున్నవి పనికిరావు.

మనవాళ్లకు ఇంకో సంగతి ముఖ్యం. హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి దాదాపు 650 కిలోమీటర్లు. చాలామంది కారును ట్రక్కు మీద తీసుకెళ్లరు, నడుపుకుంటూ వెళతారు, పగలంతా ట్రాక్ మీద తిప్పి, సాయంత్రం అదే కారులో బయలుదేరతారు. పొద్దున నుంచి కాల్చి, నలిపి, ముక్కలు ఊడగొట్టిన అవే పాత టైర్ల మీద రాత్రంతా నెల్లూరు, ఒంగోలు దాటుకుంటూ లారీల మధ్య ఇంటికి రావాలి. ట్రాక్ మీద మార్షల్స్ ఉంటారు, జెండాలుంటాయి, అంబులెన్సు ఉంటుంది. హైవే మీద ఏముంది?

పిట్‌లో పెద్దవాళ్లు ఎవరైనా అడుగుతారు.

"తమ్ముడూ, వెనక టైరు డేటు చూశావా?"

"గాట్లు ఇంకా నిండుగా ఉన్నాయి కదా అన్నా."

ఆ సమాధానం వచ్చిందంటే డేటు చూడలేదని అర్థం. అడిగినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. ఇంత దూరం వచ్చి, డబ్బు కట్టి, స్నేహితుల ముందు వెనక్కి తగ్గడం కష్టమే. అందుకే ఈ పరీక్ష ట్రాక్ దగ్గర కాదు, ఇంటి దగ్గర, పది రోజుల ముందే చేసుకోవాలి. అప్పుడు మార్చుకునే వ్యవధి ఉంటుంది, ఎవరి ముందూ మొహమాటం ఉండదు.

మంచి టైర్లు ఉంటే వాటిని కాపాడుకునే పద్ధతి కూడా తెలియాలి. మొదటి ల్యాపు, చివరి ల్యాపు మెల్లగా నడపండి, రబ్బరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారాలి. గాలి సంగతి మరవద్దు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 32 పీఎస్‌ఐ కొట్టిన టైరు, లోపలి గాలి 50 డిగ్రీలు పెరిగేసరికి 39 దాటుతుంది. అలా ఉబ్బిన టైరు మధ్యభాగంతోనే రోడ్డును తాకుతుంది. ప్రతి సెషన్ తర్వాత వేడి మీదే కొలిచి, మీ కారు గైడు చెప్పిన హద్దులోకి తెచ్చుకోండి. ఇంటికి వచ్చేముందు చల్లారాక మళ్లీ గాలి నింపడం మాత్రం మరిచిపోవద్దు. ట్రాక్ టైర్లు విడిగా ఉంచుకునేవాళ్లు వాటిని కవర్లలో చుట్టి, చీకటి గదిలో పెట్టాలి. కరెంటు మోటారు, వెల్డింగు మిషను ఉన్న షెడ్డులో పెట్టకూడదు. వాటి కరెంటు మెరుపుల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును తినేస్తుంది. రబ్బరు మెత్తబడుతుందని కిరోసిన్‌లో, డీజిల్‌లో నానబెట్టే చిట్కాలు చెప్పేవాళ్లున్నారు. పైపొర మెత్తగా అనిపించినా రబ్బరు ఉబ్బి బలం పోతుంది. దయచేసి చేయకండి.

ఇక డబ్బు. ట్రాక్ డే ఫీజు, పెట్రోలు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, ప్రయాణం, బస. ఈ జాబితాలో చాలామంది టైర్లను చివర పెడతారు, మిగిలితే చూద్దామని. దాన్ని తలకిందులు చేయండి. ఏడాదికి నాలుగు ట్రాక్ డేలు అనుకుంటే రెండే చేయండి, ఆ డబ్బుతో టైర్లు కొనండి. ఎగ్జాస్టు మార్చడం, స్టిక్కర్లు, పెద్ద అల్లాయ్ చక్రాలు అన్నీ ఆగొచ్చు. కారులో రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. బుకింగ్ డబ్బు కట్టేముందు నాలుగు చక్రాల అంకెలూ, స్టెప్నీ అంకెలూ చదివి ఒక కాగితం మీద రాసుకోండి. అందులో ఒక్కటైనా అయిదేళ్లు దాటి ఉంటే, ముందు టైర్ల షాపుకి వెళ్లండి, ట్రాక్ తేదీ వచ్చే నెలకు మార్చుకోండి.